ఇంజను మారినా ఆగని ప్రయాణం

మన దేశంలో పనిబండికి ఒకే ఇంధనంతో కాలం వెళ్ళదీసే యోగం ఎన్నడూ లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు మన బస్సులు బొగ్గు మీద నడిచాయి. బస్సు వెనక ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, పుట్టిన వాయువును ఇంజనుకు అందించేవారు. క్లీనరు చేత్తో చక్రం తిప్పి నిప్పు రగిలిస్తే గాని బండి కదిలేది కాదు. ఆ బొగ్గు బస్సులే మన ఇంధన మార్పిడి చరిత్రకు తొలి అధ్యాయం.

స్వాతంత్ర్యం వచ్చాక డీజిల్ యుగం మొదలైంది. 1964లో వారణాసి కర్మాగారం నుంచి డీజిల్ రైలింజన్లు రావడం ఆరంభించాయి. రోడ్ల మీద లారీలు దేశపు సరుకు మోశాయి. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక పెట్రోలు జీపులకు, అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు బిగించడం షెడ్లలో మామూలు పనైంది. పాత ఛాసిస్‌కు కొత్త ప్రాణం పోసే విద్యను విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మేస్త్రీలు చేతిపనిగానే నేర్చుకుని, తర్వాతి తరానికి అప్పగించారు.

ఆ డీజిల్ పొగే నగరాలకు ఊపిరాడనివ్వలేదు. 1998లో సుప్రీంకోర్టు ఆదేశించగా, 2002 చివరికి ఢిల్లీ సిటీ బస్సులు సీఎన్‌జీకి మారాయి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగరాదన్నది. మరుసటి ఏడాదే కేంద్రం నిబంధనలు సవరించి, వాడుకలో ఉన్న బండికి విద్యుత్ కిట్ అమర్చుకునే దారి తెరిచింది. 2018లో వారణాసి కర్మాగారమే 2,600 అశ్వశక్తి డీజిల్ రైలింజన్లు రెండింటిని 69 రోజుల్లో 10,000 అశ్వశక్తి జంట విద్యుత్ ఇంజనుగా మలిచింది. డీజిల్ కోసం పుట్టిన చోటే ఈ మలుపు తిరగడం విశేషం.

రోడ్డు మీది లారీని విద్యుత్‌కు మార్చడమంటే ఇంజను దింపి మోటారు ఎక్కించడంతో తీరేది కాదు. రేడియేటరు, సైలెన్సరు, ఆయిల్ ట్యాంకు తీసేసిన చోట ఛాసిస్ పట్టీల నడుమ బ్యాటరీ పెట్టెలు కూర్చోవాలి. ఇంతకాలం ఇంజనే తిప్పిన ఎయిర్‌బ్రేకు కంప్రెసరుకు, స్టీరింగు పంపుకు విడిగా మోటార్లు కావాలి. బ్యాటరీల బరువు మేరకు మోసే సరుకు తగ్గుతుంది. అందుకే రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి డిపో చేరే చెత్త బళ్ళకు, సరుకు వ్యాన్లకు ఈ మార్పు ముందుగా నప్పుతుంది.

బొగ్గు పీపా బిగించిన చేతులకూ, బ్యాటరీ బిగిస్తున్న చేతులకూ ఎనభై ఏళ్ళ ఎడం ఉన్నా ఆ పనితనం ఒక్కటే. ఈసారి మాత్రం అధిక వోల్టేజీతో చెలగాటం కనుక అనుభవం ఒక్కటే చాలదు. ప్రభుత్వాలు మేస్త్రీలకు శిక్షణ ఇచ్చి, కిట్ల పరీక్షను, ఆర్సీలో ఇంధన మార్పు నమోదును సులువు చేయాలి. గట్టి ఛాసిస్‌ను తుక్కుకు వేసే ముందు బండి యజమానులు ఈ దారినీ లెక్కలోకి తీసుకోవాలి.