మూసీకి పుట్టినిల్లు అనంతగిరి

హైదరాబాద్ మహానగరానికి పడమర, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ ఉంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ప్రత్యేక జిల్లాగా అవతరించింది. పాలమూరు జిల్లాలోని కొడంగల్ ప్రాంతమూ ఇందులోనే చేరింది. జిల్లాకు పేరు తెచ్చినవి అనంతగిరి కొండలు. వీటిని నల్లమలతోనో, పాడేరు మన్యంతోనో పోల్చరాదు. ఇవి మింటినంటే శిఖరాలు కావు, దక్కను పీఠభూమిపై అడవి కప్పుకున్న గుట్టల వరుస మాత్రమే. అయితే నీటి లెక్కలో వీటి ప్రాధాన్యం ఎత్తును మించినది.

తూర్పు వాలున కురిసిన వాన మూసీ, ఈసీ నదులై నగరం వైపు సాగుతుంది. పడమటి వాలున పడినది కాగ్నాలో కలిసి, తాండూరు మీదుగా కర్ణాటకకు వెళ్లి భీమా నదిని చేరుతుంది. భీమా రాయచూరు ప్రాంతంలోను, మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి వద్దను కృష్ణలో కలుస్తాయి. ఒకే గుట్టపై పడిన చినుకులు అంత దూరాన మళ్లీ ఒక్కటి కావడం విశేషమే.

కొండ పైపొర ఎర్రటి లాటరైట్ రాయి, దాని అడుగున నల్లరాయి. చిల్లులు గల ఎర్రరాయి వాననీటిని పీల్చుకొని ఊటలుగా మెల్లగా విడుస్తుంది. అనంత పద్మనాభస్వామి ఆలయ పరిసరాలనే మూసీ జన్మస్థానంగా భక్తులు భావిస్తారు. ఇక్కడి గాలి స్వచ్ఛమైనదన్న నమ్మకంతో నిజాం కాలంలో క్షయరోగుల వైద్యశాలను ఈ కొండపైనే నెలకొల్పారు.

తాండూరు వైపు దిగితే నేల స్వభావమే మారిపోతుంది. అక్కడ నాపరాయి గనులు, నల్లరేగడి చేలు. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాతనే మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. వరదను ఆపిన ఈ జలాశయాలే నగరం దాహం తీర్చాయి. వీటి రక్షణకు 1996లో వెలువడిన 111 జీవో, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఆ ఆంక్షలను తొలగించేందుకు 2022లో 69వ జీవో వచ్చింది. నది పుట్టే కొండలు మాత్రం ఆ 10 కిలోమీటర్ల గీతకు ఆవలనే ఉండిపోయాయి. చెరువు గట్టుకు కాపలా పెట్టి ఊటను గాలికి వదిలినట్లయింది!

పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళానికి దక్కాయి. జలాంతర్గాములతో సంబంధాలు నెరపే రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అక్కడ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని తిరునెల్వేలి తరువాత దేశంలో ఇటువంటిది ఇది రెండవది. దేశ రక్షణకు ఇది అవసరమని, ప్రజలకు హాని ఉండదని ప్రభుత్వం పేర్కొంది. అడవి తరిగితే మూసీ పరీవాహకం దెబ్బతింటుందని పర్యావరణవాదులు ఆక్షేపించారు. మరోవైపు వారాంతపు సందర్శకుల కోసం కొండ చుట్టూ రిసార్టులు వెలిశాయి.