చర్మవ్యాధులకు నోటి మందులు – ఇన్‌ఫెక్షన్ల ముప్పు

సోరియాసిస్, పెంఫిగస్, తీవ్రమైన ఎగ్జిమా వంటి వ్యాధుల్లో రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి చర్మాన్ని దెబ్బతీస్తుంది కనుక, వాటికి నోటి ద్వారా ఇచ్చే మందుల్లో అనేకం ఆ వ్యవస్థను అణచివేసేవే. సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గడం ఆ గుణానికే మరో ముఖం.

ఈ సమస్య స్టెరాయిడ్లతో మొదలైంది. 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతానికి కార్టిజోన్ వాడి చూపిన కొద్ది కాలానికే, ఒంటినిండా బొబ్బలు లేచి చాలామందిని బలిగొనే పెంఫిగస్‌కు ఆ తరగతి మందులు ప్రాణాధారమయ్యాయి. అయితే పెద్ద మోతాదులు నెలల తరబడి వాడవలసి రావడంతో, బొబ్బల నుంచి బతికి బయటపడిన రోగులను రక్తంలో వ్యాపించే ఇన్‌ఫెక్షన్లు కబళించసాగాయి. స్టెరాయిడ్ జ్వరాన్నీ వాపునూ కప్పిపుచ్చుతుంది కనుక ప్రమాదం ఆలస్యంగా బయటపడేది. పేగుల్లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండే స్ట్రాంజిలాయిడిస్ అనే నులిపురుగు సైతం ఈ మందుల నీడలో విపరీతంగా పెరిగి ఒళ్లంతా పాకగలదు. రోజువారీ స్టెరాయిడ్ దుష్ఫలితాలను తగ్గించే ఉద్దేశంతో ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రీచా 1980లలో ప్రవేశపెట్టిన పల్స్ చికిత్సలో, నెలకొకసారి మూడు రోజులు డెక్సామెథసోన్‌ను నరానికి ఎక్కించి, నడిమి రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలు ఇచ్చేవారు. ఆ మాత్రలూ తెల్ల రక్తకణాలను తగ్గించేవే కావడంతో రక్తపరీక్షలు తప్పలేదు.

సోరియాసిస్‌కు 1951లో అమినోప్టెరిన్ పనిచేస్తుందని తేలగా, దాని స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. వారానికొకసారి వేసుకోవలసిన ఈ మాత్రను పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని, నోరు పుండ్లుపడి, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కమ్ముకుంటాయి. ఇది మందు దోషం కన్నా చీటీ రాసే తీరులోని దోషమనడమే సబబు.

కణాల లోపలి సంకేతాలను అడ్డుకునే జాక్ నిరోధకాల విషయంలో, కీళ్లవాత రోగులపై జరిగిన అధ్యయనం ఆధారంగా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరికలను కఠినతరం చేసింది. 2022 జనవరిలో ఎగ్జిమాకు అనుమతి పొందిన ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ ఆ హెచ్చరికతోనే వెలువడ్డాయి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ నాడుల్లో దాగి మళ్లీ లేవడం వల్ల వచ్చే సర్పి వీటితో తరచుగా కనిపిస్తుంది. ఇలాగే దాగి ఉన్న ఇతర ఇన్‌ఫెక్షన్లూ మళ్లీ లేవవచ్చు కనుక, మందు మొదలుపెట్టే ముందే నిద్రాణ క్షయకూ, హెపటైటిస్‌కూ పరీక్షలు చేస్తారు. సజీవ వైరస్ టీకాలు చికిత్స నడుస్తుండగా ఇవ్వకూడదు కనుక, అవసరమైతే ముందే వేస్తారు.