అట్ట మీద ఒక్క పేరు: 1966 నాటి 'రివాల్వర్', ఫించ్లీలోని ఒక ఇల్లు

ఈ పోస్టు కాస్త పొడుగే. షిఫ్టు దిగి, నాలుగు ముద్దలు తిన్నాక తీరిగ్గా చదవండి.

ఊరి నుంచి మనవాళ్ళెవరు లండన్ వచ్చినా టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ అయ్యాక అడిగేది అబీ రోడ్. ఆ జీబ్రా క్రాసింగ్ మీద నలుగురు వరసగా నడిచే ఫొటో దిగాలి. వెనకాల కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటారు. ఆ నలుగురూ బీటిల్స్ అనే బ్యాండు వాళ్ళని చాలామందికి తెలుసు. ఆ ఫొటో 1969 నాటిది. దానికి మూడేళ్ళ ముందు, క్రాసింగ్ పక్కనున్న ఆ తెల్ల భవనంలోనే వాళ్ళు 'రివాల్వర్' అనే ఆల్బం తయారు చేశారు. అదెలా తయారైంది, అందులో మనలాంటివాళ్ళ చెయ్యి ఎంత ఉంది అన్నది ఈసారి చెబుతాం.

ముందు, ఆ భవనం. అప్పట్లో దాని పేరు ఇఎమ్ఐ స్టూడియోస్. ఆ కంపెనీ మనకు కొత్తదేం కాదు. గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క బొమ్మ గుర్తుందా? హెచ్ఎంవీ. ఇండియాలో ఆ బొమ్మతో రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీ ఈ ఇఎమ్ఐకి చెందిందే, ఫ్యాక్టరీ కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో. ఘంటసాల భగవద్గీత మన ఇళ్ళలోకి వచ్చింది కూడా ఆ బొమ్మతోనే.

ఇక బ్యాండు సంగతి. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. లివర్‌పూల్ కుర్రాళ్ళు. 1963లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బంలో 14 పాటలుంటే, వాటిలో 10 ఒక్క రోజులోనే, ఫిబ్రవరి 11న, రికార్డు చేసేశారు. మూడు గిటార్లు, డ్రమ్ములు, రెండు మూడు నిమిషాల ప్రేమ పాట. స్టేజీ మీద ఏది వాయిస్తే స్టూడియోలోనూ అదే. జనం వెర్రెత్తిపోయారు. హాల్లో అమ్మాయిల కేకలకి వాళ్ళు వాయించేది వాళ్ళకే వినపడేది కాదు.

అలా డబ్బులొస్తున్న పద్ధతిని ఎవరైనా మారుస్తారా? వాళ్ళు మార్చారు. దానికి ముందు ఆల్బం 'రబ్బర్ సోల్'కి స్టూడియోలో 80 గంటలు కూడా పట్టలేదు. 'రివాల్వర్'కి 220 గంటలు దాటింది. 1966 ఏప్రిల్ 6న మొదలుపెట్టి జూన్ దాకా చేశారు.

మొదట పట్టుకున్నదే అన్నిటికన్నా వింత పాట. పేరు 'టుమారో నెవర్ నోస్'. మామూలు పాటలో తీగల శ్రుతులు మారుతూ పోతాయి. ఇది దాదాపు ఒకే శ్రుతి మీద నిలబడి ఉంటుంది. అడుగున తంబురా మోగుతూనే ఉంటుంది. మన కచేరీలు విన్నవాళ్ళకి అది వింతేం కాదు, ఇంగ్లండు పాప్ సంగీతానికి మాత్రం పెద్ద వింత. కొండ మీద నుంచి దలైలామా జపం చేస్తున్నట్టు తన గొంతు వినపడాలని లెనన్ అడిగాడు. అడగడం తేలికే, చేసేదెవరు?

జెఫ్ ఎమరిక్ అనే కుర్రాడు. వయసు 20. ఆ ఆల్బంతోనే బీటిల్స్‌కి ఇంజనీరయ్యాడు. హామండ్ ఆర్గన్‌కి ఒక గిర్రున తిరిగే స్పీకరుంటుంది. లెనన్ గొంతుని ఆ స్పీకర్లోంచి పంపించి, బయటికొచ్చిన చప్పుణ్ణి మళ్ళీ మైకుతో పట్టాడు. డ్రమ్ములకి ఎంత దూరంలో మైకు పెట్టాలో కంపెనీ నియమం ఒకటి ఉండేది. దాన్ని పక్కనపెట్టి మైకుని బాగా దగ్గరికి జరిపాడు. పెద్ద డ్రమ్ము లోపల ఒక ఉన్ని స్వెటర్ కుక్కాడు. దెబ్బ గుండె మీద పడ్డట్టు వచ్చింది.

ఇంకొకాయన కెన్ టౌన్‌సెండ్, స్టూడియో టెక్నీషియన్. అంతకుముందు గొంతు నిండుగా వినపడాలంటే ఒకే పాటని రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్ళు. లెనన్‌కి అది విసుగు. టౌన్‌సెండ్ రెండో టేపు మిషన్ని కలిపి, ఒకసారి పాడితేనే రెండు గొంతుల్లా వచ్చే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ప్రపంచమంతా వాడుకుంది.

టేపు ముక్కల్ని చుట్టలా అతికించి, ఆగకుండా తిరిగేలా చేసి, వాటిలోంచి వచ్చే వింత చప్పుళ్ళనీ ఆ పాటలో కలిపారు. ఆ చుట్టలు చాలా మిషన్ల మీద ఒకేసారి తిరగాలి. అందుకని భవనంలో వేర్వేరు గదుల్లో స్టూడియో ఉద్యోగులు నిలబడి, టేపు వదులైపోకుండా పెన్సిళ్ళతో పట్టుకున్నారు. ఇవాళ ఫోన్లో ఒక బటన్‌తో అయ్యే పని అది. అప్పుడు అన్ని చేతులు కావాల్సివచ్చింది.

'ఎలినార్ రిగ్బీ' పాటలోనైతే గిటారూ లేదు, డ్రమ్మూ లేదు. ఎనిమిది మంది వయొలిన్, వయోలా, చెల్లో వాయిద్యకారులు, పైన గొంతులు. ఇంకో పాటలో గిటారు వెనక్కి తిరిగి మోగుతుంది. పాత బీటిల్స్ కోసం కొన్నవాడికి ఇదేంట్రా బాబూ అనిపించి ఉండాలి.

ఇప్పుడు ఫించ్లీ సంగతి. ఉత్తర లండన్‌లో ఉంటుంది ఆ పేట. అక్కడ అయ్యనా అంగడి అనే ఆయన ఇల్లుండేది. ఇప్పటి కర్ణాటక ప్రాంతం నుంచి 1920లలోనే లండన్ వచ్చేసిన మనిషి. భార్య ప్యాట్రీషియా ఇంగ్లీషు చిత్రకారిణి. ఇద్దరూ కలిసి ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ నడిపారు. మన సంగీతాన్ని ఇక్కడివాళ్ళకి పరిచయం చేయడం దాని పని. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ దానికి అధ్యక్షుడు. వచ్చేపోయే కళాకారులతో ఆ ఇల్లు ఒక సత్రంలా ఉండేది.

1965లో 'రబ్బర్ సోల్' చేసేటప్పుడు హారిసన్ సితార్ తీగ తెగింది. కొత్త తీగ కోసం స్టూడియో ఫోన్ చేసింది అంగడి గారింటికే. అక్కణ్ణుంచి పరిచయం పెరిగింది. మరుసటి ఏడు హారిసన్ 'లవ్ యూ టూ' అనే పాట రాసుకున్నాడు. సితార్, తంబురా, తబలా మీద నడిచే పాట. తబలా వాయించేవాళ్ళు కావాలి. మళ్ళీ అంగడి గారే ఫోన్లో అనిల్ భాగవత్ అనే తబలా కళాకారుణ్ణి పిలిచారు. జార్జ్‌తో పని అన్నారట గానీ ఏ జార్జో చెప్పలేదు. ఇంటి ముందుకి రోల్స్‌రాయిస్ కారొచ్చాకే ఆయనకి విషయం అర్థమైంది. స్టూడియో బయట అమ్మాయిలు ఫ్లాస్కులు, సాండ్‌విచ్‌లు పెట్టుకుని కాపలా కాస్తున్నారని తర్వాత ఆయనే చెప్పాడు. పదహారు మాత్రల తాళంలో వాయించమని హారిసన్ అడిగాడు, మిగతాది ఆయన మనోధర్మానికి వదిలేశాడు.

ఆ రికార్డు అట్ట వెనక "అనిల్ భాగవత్, తబలా" అని అచ్చేశారు. బీటిల్స్ రికార్డు మీద బయటి వాయిద్యకారుడి పేరు పడడం చాలా అరుదు. ఆ పాటకే సర్కిల్ నుంచి వచ్చిన మిగతావాళ్ళ పేర్లు మాత్రం పడలేదు.

ఆ ఏడాది ఇంగ్లండు ఎలా ఉందో కూడా చూడాలి. 1962 చట్టంతో కామన్వెల్త్ దేశాల నుంచి పనికొచ్చేవాళ్ళకి వోచర్ల పద్ధతి పెట్టారు. ఇవాళ మన స్పాన్సర్‌షిప్ కాగితాల్లాంటిదే అనుకోండి. 1965లో జాతి వివక్ష మీద మొదటి చట్టం వచ్చింది గానీ అది హోటళ్ళు, సినిమా హాళ్ళ లాంటి చోట్లకే. అద్దె ఇల్లు, ఉద్యోగం దాని కిందికి రాలేదు. అవి 1968లోనే వచ్చాయి. అంటే 'రివాల్వర్' అంగళ్ళలోకొచ్చిన 1966 ఆగస్టు 5న, "నల్లవాళ్ళకి ఇల్లివ్వం" అని మొహం మీదే చెప్పినా ఈ దేశంలో చట్టం అడ్డుపడేది కాదు. అదే దేశంలో ఆ రికార్డు ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. తబలా నచ్చింది, తబలా వాయించేవాడికి గది దొరుకుతుందో లేదో వేరే సంగతి.

ఆ ఆగస్టులోనే బ్యాండు అమెరికా టూరుకి వెళ్ళింది. 'రివాల్వర్' పాట ఒక్కటీ స్టేజీ మీద వాయించలేదు. ఆ చప్పుళ్ళు నలుగురితో స్టేజీ మీద వచ్చేవి కావు. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి కచేరీ చేసి టూర్లకి స్వస్తి చెప్పారు. సెప్టెంబరులో హారిసన్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోవడానికి బొంబాయి వెళ్ళాడు.

1967లో 'సార్జెంట్ పెప్పర్' ఆల్బం. అందులో హారిసన్ పాట 'వితిన్ యూ వితౌట్ యూ'. మళ్ళీ ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ నుంచే వాయిద్యకారులొచ్చారు. మార్చి 15న దిల్రుబా, తంబురా, తబలా వాయించి వెళ్ళారు. తర్వాత నిర్మాత జార్జ్ మార్టిన్ వయొలిన్లు, చెల్లోలు చేర్చాడు. దిల్రుబా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే తీరు, మనం గమకం అంటామే, దాన్ని అందుకోవడానికి లండన్ వయొలిన్ విద్వాంసులు తంటాలు పడ్డారు.

ఆ ఆల్బం అట్ట చూశారా? డజన్ల కొద్దీ ప్రసిద్ధుల మొహాలుంటాయి. వాళ్ళలో నలుగురు మన యోగులు: బాబాజీ, లాహిరీ మహాశయులు, యుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద. గాంధీ గారి బొమ్మ కూడా పెట్టారు గానీ ఇండియాలో గొడవవుతుందని కంపెనీ పెద్దలు తీసేయించారు. నలుగురు యోగులకి అట్ట మీద చోటు దొరికింది. లోపల వాయించిన వాద్యకారుల పేర్లకి ఎక్కడా దొరకలేదు.

యాభై ఏళ్ళు అలాగే గడిచాయి. ఆ రికార్డు కోట్లలో అమ్ముడుపోయింది, పుస్తకాల మీద పుస్తకాలొచ్చాయి. 2017లో గానీ లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధన వల్ల నలుగురి పేర్లు బయటికి రాలేదు. దిల్రుబా అన్నా జోషి, అమృత్ గజ్జర్. తంబురా బుద్ధదేవ్ కన్సారా. తబలా నట్వర్ సోనీ. ఒకసారి ఈ పేర్లు పైకి చదవండి.

హారిసన్‌ని తిట్టడానికి ఇది రాయలేదు. మన సంగీతాన్ని గౌరవంగా నేర్చుకున్న మనిషి ఆయన. ఆ నలుగురి ప్రతిభా చిన్నదేం కాదు. 'రివాల్వర్' గురించి మాట్లాడితే "బీటిల్స్ ప్రయోగం చేశారు" అంటారు, నిజమే. ఆ ప్రయోగంలో పెన్సిల్ పట్టుకుని నిలబడ్డవాళ్ళున్నారు, రెండో మిషన్ కలిపినాయన ఉన్నాడు, ఫోన్ రాగానే తబలా తీసుకుని బయల్దేరినాయన ఉన్నాడు. పేరు రాయడానికి పట్టేది ఒక్క లైను. 1966లో ఒకరికి రాశారు, అందుకే అనిల్ భాగవత్‌ని వెతకడానికి ఎవరూ పరిశోధన చేయాల్సిన పని పడలేదు. 1967లో రాయలేదు, యాభై ఏళ్ళు పట్టింది.

మన పనిచోట్లా ఇదే నడుస్తుంది. మాలో ఒకరు పనిచేసిన గోదాములో ట్రాలీలు సర్దే కొత్త వరస కనిపెట్టింది రాత్రి షిఫ్టులో ఉన్న మనవాళ్ళు ముగ్గురు. గోడ మీద మెచ్చుకోలు కాగితం మీద పడింది వేరొకరి పేరు. అప్పట్నుంచీ మేం ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. ఎవరు ఏ పని మార్చారు, ఏ తేదీన, పక్కన ఎవరున్నారు, అన్నీ రాస్తున్నాం.

మీరూ మొదలుపెట్టండి. ముందు మీ గదిలోవాళ్ళ పేర్లు, తర్వాత మీకంటే ముందొచ్చి మీకు పని చూపించిన పెద్దవాళ్ళ పేర్లు. ఇంటిపేరుతో సహా, ఊరితో సహా రాయండి. ఈ ఆదివారం సెలవున్నవాళ్ళు 'లవ్ యూ టూ' ఒకసారి వినండి, మూడు నిమిషాలే. తబలా మొదలవగానే పక్కనున్నవాళ్ళకి ఆయన పేరు చెప్పండి.