వాసన లేని రాజుగారి ద్రాక్ష

ద్రాక్షపండు వాసన ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం!

మామిడిపండు వాసన కళ్ళు మూసుకునైనా పోల్చుకుంటాం. పనసపండు కోస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. జామపండు సంచీలో దాచి తెచ్చినా పిల్లలు పట్టేస్తారు. మరి ద్రాక్షో? "తియ్యగా ఉంటుంది" అంటారు మీరు. అది రుచి కదండీ!

నిజం చెప్పొద్దూ, ఈ అనుమానం నాకూ నిన్న మొన్నటిదాకా రాలేదు. కాలిఫోర్నియాలో ఉంటున్న మా అక్క కూతురు నన్నొక ద్రాక్షతోటకి లాక్కెళ్ళింది. అక్కడ తెల్ల వైన్ చేస్తారు. నా మొహం చూసి, "తాగొద్దులే పిన్నీ, వాసన చూడు చాలు" అంది. సరే, వాసనకి దోషం లేదు కదా అని మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నారాయణగూడలో మా పుట్టింటి వంటిల్లు కళ్ళముందు నిలిచింది! అమ్మ రోట్లో ధనియాలు నలుపుతున్న వాసన, దాని వెనకే ఎక్కడో పన్నీరు వాసన.

అది మస్కట్ అనే ద్రాక్ష అట. నాది భ్రమ కాదని తరవాత తెలిసింది. ధనియాలకి ఆ ఘుమఘుమ ఇచ్చేది లినలూల్ అనే పదార్థం. మస్కట్ తొక్కలో ఉండేదీ అదే. గులాబీలోని జెరానియోల్ కూడా అందులో ఉంది. తమిళనాడులో కంబం వైపు పండే నల్ల మస్కట్‌ని అక్కడివాళ్ళు 'పన్నీర్ ద్రాక్ష' అంటారు. ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పకుండానే పెట్టుకున్న పేరది!

ఇక గ్లాసు తరవాత గ్లాసు. గెవుర్జ్‌ట్రామినర్ అనే నోరు తిరగని పేరుగల ద్రాక్షలో గులాబీ, లిచీపండు. సొవిన్యాఁ బ్లాఁ పచ్చి కాప్సికం తరిగినట్టుంది. రెండింట్లోనూ ఉన్న పదార్థం ఒకటేనట. పండుకి ఎండ బాగా తగిలితే ఆ పచ్చివాసన తగ్గిపోతుందట. రీస్లింగ్ అనేది ఏళ్ళు గడిచినకొద్దీ కిరసనాయిలు వాసన కొడుతుంది, దాన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు! అన్నిటికన్నా పేరున్న షార్డొనేకి సొంత వాసన తక్కువ. అందులో వెన్న వాసన వేస్తే, అది పెరుగు తోడుకునేటప్పుడు పనిచేసే జాతి సూక్ష్మజీవుల చలవ. వెనిలా వాసన ఓక్ చెక్క పీపాది. పీపాలోంచి వచ్చిన సువాసనకి ద్రాక్షకి పేరు! లోకంలో ఇలాంటివి చాలానే ఉన్నాయి లెండి.

ఆడవాళ్ళు చదివే పేజీలో వైన్ కబుర్లేమిటని కోప్పడకండి. సారా సంసారాలనేం చేస్తుందో మనకొకరు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరాటం మరిచిపోయామా? నిజాం కాలంలో మా నారాయణగూడలోనే సర్కారు డిస్టిలరీ ఉండేది. నా గోడు సీసా గురించి కాదు, పండు గురించి.

అయినా మన దగ్గర ఆ సీసా కూడా కొత్తది కాదు. 1666-67లో మన దేశం తిరిగిన తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు గోల్కొండ రాజ్యానికీ వచ్చాడు. అబ్దుల్లా కుతుబ్‌షా రోజులవి. ఇక్కడ ద్రాక్ష జనవరికే పండుతుందనీ, తోట వాలునిబట్టి కొందరు ఏప్రిల్ దాకా కోస్తారనీ, దాంతో తెల్ల వైన్ చేస్తారనీ రాసుకున్నాడు. అంతకు మూడొందల ఏళ్ళ ముందే దౌలతాబాద్ చూసిన ఇబ్న్ బతూతా, అక్కడ ద్రాక్ష ఏడాదికి రెండు కాపులు కాస్తుందని ఆశ్చర్యపోయాడు. చలిదేశాల్లో ద్రాక్షతీగ చలికాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది. మన వేడికి దానికి నిద్రే పట్టదు. అందుకని తోటమాలే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాడు. అక్టోబరు కత్తిరింపుకి వచ్చే కాపే మనం ఎండలు మొదలయ్యే వేళకి తినేది.

ఆ వేళకే మా చిన్నప్పుడు నారాయణగూడ మార్కెట్లోకి గంపలు దిగేవి. అనాబ్-ఎ-షాహి! అనబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాజుగారిది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన దీన్ని హైదరాబాదులో నాటాడని ఉద్యానశాస్త్రం పుస్తకాలు చెబుతాయి. ఎంత అందమండీ ఆ గుత్తి! అరకిలో దాటి తూగేది. కోలగా, తేనెరంగు తిరిగిన గింజలు, ఎండకి పెడితే లోపలి విత్తనం కనిపించేది. కాపు కూడా రాజుగారి లెక్కే, హెక్టారుకి సగటున 35 టన్నులు. మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ దారుల్లో ఎటు చూసినా పందిళ్ళే. మా నాన్నగారు ఏటా ఒక ఆదివారం మమ్మల్నందరినీ బస్సెక్కించి తోటకి తీసుకెళ్ళేవారు. పందిరి కింద నీడ చల్లగా ఉండేది, తలెత్తితే దీపాల గుత్తుల్లా పళ్ళు.

ఆ తోటకి ఒక వాసన ఉండేదని నాకు గట్టిగా గుర్తు. కాలిఫోర్నియాలో కూచుని ఎంత తలుచుకున్నా అది పండు వాసన కాదు. అనాబ్‌కి బూజు తెగులు జాస్తి. అందుకని మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవారు. 1880ల్లో ఫ్రాన్సులో బోర్డో వైన్‌తోటల వాళ్ళు కనిపెట్టిన మందది. పళ్ళమీద నీలంగా పొడి అంటుకుని ఉండేది. అమ్మ ఉప్పునీళ్ళలో రెండుసార్లు కడిగితేగాని మా చేతికి ఇచ్చేది కాదు. నేను ద్రాక్షవాసన అనుకుని ఇన్నేళ్ళు దాచుకున్నది మైలుతుత్తం, తడిమట్టి, గంపలో పరిచిన ఎండుగడ్డి! రాజుగారి ద్రాక్షకి రూపం ఉంది, తీపి ఉంది, సొంత పరిమళం మాత్రం లేదు. కంటికోసం, తూకంకోసం పెంచుకున్న పండు మరి.

ఆలోచిస్తే మనవాళ్ళు ద్రాక్షని ఎప్పుడూ ముక్కుతో చూడలేదేమో. కవిత్వం నోట్లో వేసుకోగానే కరిగితే ద్రాక్షాపాకం అన్నారు, వాసన ఊసే లేదు. మా బామ్మ నీరసానికి రోజూ రెండు చెంచాలు ద్రాక్షారిష్టం పుచ్చుకునేది. ఎండుద్రాక్ష, బెల్లం, ధాతకీపువ్వు వేసి పులియబెట్టిన మందు. దానికి వాసన కావాలంటే ఏలకులు, దాల్చినచెక్క బయటినుంచి తెచ్చి వెయ్యాల్సిందే. అదీ ఒక రకం వైనేనని ఎవరైనా చెప్పి ఉంటే బామ్మ ఆ సీసా వీధిలోకి విసిరేసి, గంగాస్నానానికి బయల్దేరి ఉండేది.

తరవాత థామ్సన్ సీడ్‌లెస్ వచ్చి అనాబ్‌ని వెనక్కి నెట్టింది. ఉమ్మి పారెయ్యడానికి విత్తనాలుండవు కదా, పిల్లలకి అదే నచ్చింది. 1870ల్లో విలియం థామ్సన్ అనే ఆయన కాలిఫోర్నియాలో నాటి ప్రచారం చేస్తే ఆయన పేరే మిగిలింది. పుట్టిల్లు మాత్రం పడమటి ఆసియా. దానికీ వాసన అంతంతమాత్రమే. ఆ తరవాత ఊరు పెరిగి, తోటలు పోయి ప్లాట్లు పడ్డాయి. మా నాన్నగారు తీసుకెళ్ళిన తోట ఎక్కడుండేదో మొన్న కారులో వెతికాను. నాలుగంతస్తుల ఇళ్ళ మధ్య దారికూడా పోల్చుకోలేకపోయాను.

కాలిఫోర్నియానుంచి వచ్చాక నాకో కొత్త అలవాటు పట్టుకుంది. మొన్న మార్కెట్లో ఒక గుత్తి తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని నించున్నాను. ఎంతసేపు నించున్నానో ఏమో, బండివాడికి విసుగొచ్చింది.

"ఏందమ్మా, మామిడిపండనుకున్నరా? కిలో ఇయ్యాల్నా, అద్దకిలోనా?"

అరకిలో ఇమ్మన్నాను.