రాయి మీద పేరు లేదు

సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళిన మనవాళ్ళు సాధారణంగా జారు చక్రవర్తుల భవనాలు చూసి వచ్చేస్తారు. 2009 మే నెలలో నేను ఒక పూట మిగుల్చుకుని పిస్కర్యోవ్‌స్కోయే శ్మశానానికి వెళ్ళాను. పచ్చగడ్డి పెరిగిన పొడవాటి దిబ్బలు, దిబ్బకొక రాయి. రాయి మీద పేరు లేదు. 1942 అనో, 1943 అనో సంవత్సరం మాత్రం ఉంది. సైనికులకైతే నక్షత్రం, పౌరులకైతే సుత్తీ కొడవలీ.

ఆ నగరం అప్పుడు లెనిన్‌గ్రాడ్. 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు, 872 రోజులు జర్మన్ సేనల ముట్టడిలో ఉంది. మొదటి చలికాలంలో కొన్ని వారాలపాటు కార్మికులకి రోజుకి 250 గ్రాముల రొట్టె, పిల్లలతో సహా మిగతావారికి 125. అదీ పూర్తిగా పిండితో చేసింది కాదు. చచ్చిపోయిన వాళ్ళని మంచు మీద పిల్లలు ఆడుకునే బళ్ళలో పడుకోబెట్టి లాక్కెళ్ళారు. ఆ ఒక్క శ్మశానంలోనే దాదాపు 5 లక్షల మంది ఉన్నారు.

నా ముందే ఒక ముసలావిడ వంగి రొట్టెముక్క, చాక్లెట్లు, రెండు పువ్వులు పెట్టింది. పోయినవాళ్ళకి అక్కడ సరి సంఖ్యలోనే పువ్వులిస్తారు. తనవాళ్ళు ఏ దిబ్బ కింద ఉన్నారో ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది? సంవత్సరం చూసుకుని ఒక రాయి ఎంచుకుని ఉంటుంది. తిథి తెలియని వాళ్ళకి మహాలయ అమావాస్యనాడు తర్పణం వదిలే ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకది వింతగా తోచలేదు.

సైనికుల కథ ఇంకో రకం. ఎర్రసైన్యంలో ఒక్కొక్కరికీ చిన్న నల్లగొట్టం ఇచ్చేవారు, పేరూ ఊరూ కాగితం మీద రాసి అందులో పెట్టుకోమని. రాస్తే చావుని పిలిచినట్టేనని చాలామంది ఖాళీగా వదిలేశారు. 1942 నవంబరులో ఆ గొట్టాలనే తీసేశారు. అందుకే ఇప్పటికీ నోవ్‌గొరొద్ చుట్టుపక్కల బురదనేలల్లో స్వచ్ఛంద దళాలు ఎముకలు తవ్వి తీస్తుంటే, చాలా వాటికి పేరు దొరకదు. ప్రభుత్వం పెద్ద పెద్ద విగ్రహాలు నిలబెట్టింది గానీ, 1948 నుంచి 1964 వరకు మే 9న కనీసం సెలవైనా ఇవ్వలేదు. అన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నది గోడ మీది ఫొటోలే.

ఆ ఫొటోలనే 2012 మే 9న తోమ్‌స్క్ నగరంలో ముగ్గురు పాత్రికేయులు వీధిలోకి తెచ్చారు. ఎవరింటి మనిషి ఫొటో వాళ్ళు కర్రకి తగిలించుకుని నడవాలి, పార్టీ గుర్తులు ఉండకూడదు. దానికి ‘అమర దళం’ అని పేరు పెట్టారు. 2015లో మాస్కోలో అధ్యక్షుడు పుతిన్ తండ్రి ఫొటో పట్టుకుని నడిచారు. ఇది మా ఇళ్ళ సంగతి, అధికారులది కాదని మొదలుపెట్టినవాళ్ళు మొరపెట్టుకున్నా ఎవరూ వినిపించుకోలేదు. నాకు వాళ్ళ మాటే సబబనిపిస్తుంది.

యుద్ధంలో పోయిన 2 కోట్ల 66 లక్షల సోవియట్ ప్రజల్లో ఉక్రెయిన్ వాళ్ళూ లక్షల్లో ఉన్నారు. 2022లో రష్యా ఆ ఉక్రెయిన్ మీదికే దండెత్తింది. 2023లో భద్రత కారణం చెప్పి వీధి ఊరేగింపు ఆపేశారు. తాతల ఫొటోలు కారు అద్దానికి అతికించుకోమన్నారు, లేదా చొక్కాకి పెట్టుకోమన్నారు.