చంద్రుణ్ని వెతకబోతే వృశ్చికం తగిలింది

అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో వైట్ శాండ్స్ అనే రాకెట్ ప్రయోగ క్షేత్రం ఉంది. 1962 జూన్ 18న, అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు అక్కడి నుంచి ఏరోబీ అనే చిన్న రాకెట్ పైకి లేచింది. పున్నమి దాటి ఒక్కరోజే అయింది. రాకెట్ తలభాగంలో ఎక్స్-రేలను లెక్కించే మూడు గైగర్ కౌంటర్లు పెట్టారు. ఒకటి పనిచేయలేదు. మిగిలిన రెండూ 80 కిలోమీటర్ల ఎత్తు దాటాక గడిపింది 350 సెకన్లు. ఆరు నిమిషాలైనా నిండని ఆ కాస్త సమయంలోనే ఎక్స్-రే ఖగోళశాస్త్రం పుట్టింది.

నిజానికి వాళ్లు వెతకబోయింది చంద్రుణ్ని. సూర్యుడి ఎక్స్-రేలు చంద్రుడి మీది రాళ్లకు తగిలినప్పుడు ఆ రాళ్లలోని మూలకాలు తమ సొంత గుర్తులున్న ఎక్స్-రేలను తిరిగి వెదజల్లుతాయి. వాటిని పట్టుకోగలిగితే చంద్రుడి మీద కాలు పెట్టకుండానే అక్కడి నేలలో ఏముందో చెప్పవచ్చు. అమెరికా వాయుసేన డబ్బిచ్చింది ఈ పనికే. పని చేపట్టిన అమెరికన్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ అనే చిన్న సంస్థలో రికార్డో జియకోనీ అనే ముప్పై ఏళ్ల ఇటలీ శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన మనసు మాత్రం ఇంకా దూరంలో ఉంది. సౌరకుటుంబానికి ఆవల ఎక్స్-రేలు ఉన్నాయేమో చూడరాదా అని ఎంఐటీ ప్రొఫెసర్ బ్రూనో రోసీ 1959లోనే ఆయనకు సూచించారు.

లెక్క ప్రకారం అది దండగ పని. అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్-రేలను మన గాలి పొర మింగేస్తుంది, నేల మీద ఎంత పెద్ద పరికరం పెట్టినా లాభం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల నుంచి స్వాధీనం చేసుకున్న వీ-2 రాకెట్లలో కౌంటర్లు పెట్టి పంపి, సూర్యుడు ఎక్స్-రేలు వెలువరిస్తున్నాడని 1949లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం తేల్చింది. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా పది లక్షల డిగ్రీలకు మించి కాగుతుంటుంది, ఆ ఎక్స్-రేలు అక్కడివే. కానీ సూర్యుడు వెలువరించే మొత్తం శక్తిలో అవి చాలా తక్కువ. అలాంటి నక్షత్రమే నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే అప్పటి పరికరాలకు దాని జాడ కూడా దొరకదు. ఈ లెక్కలో తప్పు లేదు. ఆకాశంలో ఉన్నవన్నీ సూర్యుడిలాంటివే అనుకోవడంలోనే ఉంది తప్పు.

రాకెట్ సెకనుకు రెండుసార్లు తన చుట్టూ తాను తిరుగుతూ పైకి వెళ్లింది. ప్రతి చుట్టులోనూ కౌంటర్లు ఆకాశాన్ని ఒక దఫా కలయజూశాయి. దిక్కుల వారీగా లెక్కలు గీసి చూస్తే ఒకచోట అంకెలు గుట్టలా లేచాయి. ఆ గుట్ట చంద్రుడున్న వైపు లేదు, బాగా పక్కకు జరిగి వృశ్చిక రాశి వైపు ఉంది. ఇంకో వింత, మిగతా ఆకాశమంతటా కూడా సన్నటి ఎక్స్-రే వెలుగు పరుచుకుని ఉంది. పరికరం పొరపాటేమో, భూమి చుట్టూ ఉన్న విద్యుత్ కణాల పనేమో అని నెలల తరబడి అనుమానాలన్నీ ఒక్కొక్కటే తీర్చుకుని, డిసెంబరులో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చువేశారు. ఆ తర్వాతి రాకెట్లు కూడా అదే చెప్పాయి. వృశ్చికంలోని ఆ మూలానికి స్కో ఎక్స్-1 అని పేరు పెట్టారు. అది కంటికి కనిపించే వెలుగు రూపంలో వెలువరించే శక్తి కంటే ఎక్స్-రేల రూపంలో వెలువరించేది వెయ్యి రెట్లు ఎక్కువ. అలాంటి నక్షత్రం ఒకటి ఉండగలదని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

మరి చంద్రుడి సంగతి? 1971, 72లలో అపోలో 15, 16 నౌకలు చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఆ రాళ్ల ఎక్స్-రేలను కొలిచాయి. 1990లో జర్మనీ నాయకత్వంలో వెళ్లిన రోశాట్ టెలిస్కోప్ ఏకంగా చంద్రుడి ఎక్స్-రే బొమ్మ తీసింది. మన చంద్రయాన్-2లోని క్లాస్ అనే పరికరం ఈ పద్ధతిలోనే చంద్రుడి నేల మీద సోడియం ఎక్కడెక్కడ ఉందో పటం గీసింది. జియకోనీ బృందం అడిగిన ప్రశ్న మంచిదే, దానికి జవాబు వేరే దారిలో వచ్చింది.

రాకెట్లు ఖర్చుతో కూడినవి, పైన ఉండేది నిమిషాలే. బెలూన్ గంటల తరబడి నిలుస్తుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు ఈ దారి పట్టారు. 1968లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్‌తో వాళ్లు స్కో ఎక్స్-1ను చూశారు. హైదరాబాద్‌ను ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట కాస్మిక్ కిరణాల బెడద తక్కువ, ఆ రొద తగ్గితే అసలు సంకేతం తేటగా దొరుకుతుంది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ దగ్గరున్న బెలూన్ కేంద్రంలో పల్చటి పాలిథీన్‌తో బెలూన్లు తయారుచేస్తారు. ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తున కూడా పైన కాస్త గాలి మిగిలే ఉంటుంది కాబట్టి శక్తి ఎక్కువున్న ఎక్స్-రేలే పరికరాన్ని చేరతాయి. పని ముగిశాక పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి. ఏ పత్తి చేలోనో, ఏ చెరువు గట్టునో. అందుకే ప్రయోగాల ముందు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల ప్రజలకు ప్రకటన ఇస్తారు: పెట్టెలు కనిపిస్తే ముట్టుకోవద్దు, విప్పొద్దు, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చేయండి, తగిన బహుమానం ఇస్తాం అని. ఎక్స్-రే ఖగోళ పరిశోధనలో మన పల్లెల రైతులకూ ఇలా ఒక పాత్ర ఉందంటే నాకు ఎంతో సంతోషం.

ఆ మిగిలిన గాలిని కూడా దాటాలంటే ఉపగ్రహమే కావాలి. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరం దగ్గర సముద్రంలో నిలిపిన శాన్ మార్కో వేదిక నుంచి ఎక్స్-రే ఖగోళశాస్త్రం కోసమే చేసిన మొట్టమొదటి ఉపగ్రహం వెళ్లింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకే దానికి స్వాహిలీలో స్వాతంత్ర్యం అనే అర్థమున్న ఉహురూ పేరు పెట్టారు. దాని బరువు నూట నలభై కిలోలు ఉంటుందేమో. చివరికి అది తయారుచేసిన జాబితాలో 339 ఎక్స్-రే మూలాలు చేరాయి. నా దృష్టిలో ఆ జాబితాను మించింది సెంటారస్ రాశిలోని సెన్ ఎక్స్-3 కథ. అది 4.8 సెకన్లకోసారి మిణుకుమంటోంది. రెండు రోజుల పైచిలుకుకు ఒకసారి దాదాపు సగం రోజు మాయమై మళ్లీ వస్తోంది. మిణుకు వేగం కూడా అదే తాళంలో కాస్త పెరుగుతూ, కాస్త తగ్గుతూ ఉంది. అంటే అక్కడ ఉన్నది ఒక జంట. ఒక పెద్ద నక్షత్రం, దాని చుట్టూ రెండు రోజులకు ఒక చుట్టు తిరిగే బుల్లి న్యూట్రాన్ తార. పెద్ద దాని వాయువు చిన్నదాని మీదికి పడుతూ, పడేటప్పుడు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-రేలు కక్కుతోంది. వృశ్చికంలోని గుట్ట రహస్యం కూడా ఇలాంటిదే. హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 ఇంకా ముందుకు వెళ్లింది. దాని తోడు నక్షత్రం 5.6 రోజులకోసారి ఊగే తీరును బట్టి కంటికి కనపడని ఆ రెండోదాని బరువు కట్టారు. న్యూట్రాన్ తారకు అంత బరువు కుదరదు. కృష్ణబిలం పుస్తకాల్లోంచి ఆకాశంలోకి వచ్చింది అప్పుడే.

కౌంటర్లతో దిక్కు తెలుస్తుంది కానీ బొమ్మ రాదు. బొమ్మకు అద్దం కావాలి. ఎక్స్-రే మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే లోపలికి చొచ్చుకుపోతుంది. చెరువు నీటి మీద చిల్లపెంకును వాలుగా విసిరితే మునగకుండా ఎగిరెగిరి పోయినట్టు, అద్దాన్ని ఒరుసుకుంటూ వచ్చే ఎక్స్-రే మాత్రం పక్కకు తిరుగుతుంది. హన్స్ వోల్టర్ 1952లో సూక్ష్మదర్శిని కోసం ఆలోచించిన ఈ అమరికను జియకోనీ, రోసీ 1960లోనే టెలిస్కోప్‌కు ప్రతిపాదించారు. 1978లో ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ దాన్ని ఆచరణలో పెట్టింది. 1976లో ప్రతిపాదించిన మరో పెద్ద టెలిస్కోప్ 1999 జులై 23న కొలంబియా షటిల్‌లో వెళ్లింది. దాని పేరు చంద్ర. తెల్ల మరుగుజ్జు తారలు భరించగల బరువుకు హద్దు చెప్పిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు. ఆ హద్దు దాటిన తారల అవశేషాలను కూడా ఈ టెలిస్కోప్ చూస్తుంది కనుక ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు.

ఇరిడియం పూసిన దాని అద్దాలు నాలుగు జతలు, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. కక్ష్య చాలా సాగి ఉంటుంది, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల గుండా పదేపదే వెళ్లాలి. తొలి వారాల్లోనే కెమెరా చిప్‌లు కొన్ని దెబ్బతిన్నాయి. ఆ వలయాల్లోని తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాలను ఒరుసుకుంటూ వచ్చి కెమెరా మీదే పడ్డాయి. ఎక్స్-రేలకు దారి చూపించే అద్దం ప్రోటాన్లకూ దారి చూపించింది. అప్పటి నుంచి వలయాలు దాటేటప్పుడల్లా కెమెరాను పక్కకు జరుపుతున్నారు. ఐదేళ్లకని పంపిన చంద్ర పాతికేళ్లు దాటి పనిచేసింది. జియకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

మన ఆర్యభట్ట ఉపగ్రహం 1975లో ఎక్స్-రే పరికరంతోనే వెళ్లింది, కరెంటు సరఫరా చెడి కొద్ది రోజులకే ప్రయోగాలు ఆగిపోయాయి. నలభై ఏళ్ల తర్వాత, 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. దాని పెద్ద ఎక్స్-రే కౌంటర్ నమూనాను అంతకు ముందే, 2008లో హైదరాబాద్ బెలూన్‌తో పరీక్షించారు. ఉహురూ లాగే ఆస్ట్రోశాట్‌ను కూడా భూమధ్యరేఖకు దగ్గరి కక్ష్యలో పెట్టారు, రేడియేషన్ రొద తప్పించుకోవడానికే. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ వెళ్లింది. ఎక్స్-రే ఎంత వస్తోందన్నదే కాక ఏ తలంలో కంపిస్తోందన్నది కూడా కొలవడం దాని పని. 2021లో నాసా, ఇటలీ కలిసి పంపిన ఐఎక్స్‌పీఈ ఇలాంటి కొలతతోనే సిగ్నస్ ఎక్స్-1 చుట్టూ ఉన్న వేడి వాయువు, అక్కడి నుంచి చిమ్మే ధారకు అడ్డంగా పరుచుకుని ఉందని చూపించింది. ఐఎక్స్‌పీఈ చూసేది 2 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రేలను. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పోలిక్స్, ఎక్స్‌పోశాట్‌లోని ప్రధాన పరికరం, ఆ పైన 30 వరకు ఉన్న వాటి కోసం చేసింది.