ఎంగెల్స్ జమాఖర్చులు

పెట్టుబడిదారీ విధానం తప్పని నమ్మినవాడు బ్యాంకులో డబ్బు దాచి వడ్డీ తీసుకోవచ్చునా? యూనియన్ జెండా పట్టి తిరిగిన మనలో చాలామందికి ఇంట్లో పిల్లల నుంచే ఈ ప్రశ్న ఎదురవుతుంది. నోట కమ్యూనిజం, బీరువాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు అని ఎగతాళి కూడా చేస్తారు. ఈ చిక్కు మనతో మొదలైనది కాదు. ఫ్రెడరిక్ ఎంగెల్స్ జీవితమంతా దీనితోనే గడిచింది.

ఎంగెల్స్ 1820లో జర్మనీలోని బార్మెన్‌లో నూలుమిల్లు యజమాని ఇంట పుట్టాడు. 1845లో ఇంగ్లండు కార్మికుల దుస్థితిపై పుస్తకం ప్రచురించాడు. 1848 విప్లవాలు ఓడిపోయాక మార్క్స్ కుటుంబం లండన్‌లో తలదాచుకుంది. ఆ మిత్రుణ్ణి ఆదుకోవడానికే ఎంగెల్స్ 1850లో మాంచెస్టర్ వెళ్ళి, తండ్రికి భాగమున్న ఎర్మెన్ అండ్ ఎంగెల్స్ కంపెనీలో గుమాస్తాగా చేరాడు.

మొదట్లో వచ్చే జీతం ఏ మూలకూ చాలేది కాదు. 1852లో కోటు తాకట్టులో ఉండి మార్క్స్ గడప దాటలేకపోయాడు. ఆ ఏడాదే పసిబిడ్డ పోతే శవపేటికకు అప్పు చేయవలసి వచ్చింది. ఎంగెల్స్ అయిదు పౌన్ల నోటును రెండుగా కత్తిరించి, చెరొక ముక్కా వేరువేరు కవర్లలో పంపేవాడు. దారిలో ఒక కవరు పోయినా దొంగకు అక్కరకు రాదు. నెలనెలా ఇంటికి మనీయార్డరు పంపిన మన తరానికి ఆ జాగ్రత్త ఎందుకో తెలుసు.

ఆ వ్యాపారం ఆయనకు బొత్తిగా గిట్టదు. అయినా దాదాపు ఇరవై ఏళ్ళు చేశాడు. 1864లో భాగస్వామి అయ్యాడు. 1867లో మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెలువడే వరకు ఆ ఇల్లు గడిచింది చాలావరకు ఈ సొమ్ముతోనే. 1869లో వ్యాపారం వదిలే ముందు మార్క్స్ అప్పులెన్నో అడిగి తెలుసుకుని, అవి తీర్చి, ఏటా 350 పౌన్లు అందే ఏర్పాటు చేశాడు.

మిగిలిన డబ్బు కంపెనీల వాటాలలో పెట్టాడు. అందుకు సిగ్గుపడలేదు. దోపిడీ జరిగేది ఉత్పత్తి దగ్గర, స్టాక్ ఎక్స్చేంజిలో ఆ సొమ్ము చేతులు మారుతుందంతే అని 1883లో బెర్న్‌స్టైన్‌కు రాసిన లేఖలో వాదించాడు. ఈ వాదన అందరికీ నచ్చనక్కరలేదు. 1895లో చనిపోయేనాటికి మాత్రం వీలునామా సిద్ధంగా ఉంది. మార్క్స్ కుమార్తెలకు భాగాలు, జర్మన్ పార్టీ ఎన్నికల ఖర్చుకు 1000 పౌన్లు అందులో రాశాడు.

మన పుచ్చలపల్లి సుందరయ్య గారిది (1913-1985) మరో దారి. నెల్లూరు జిల్లా భూస్వామి కుటుంబంలో పుట్టి, తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళారు. దారులు వేరైనా, తమ డబ్బు ఎందుకోసమో ఇద్దరికీ స్పష్టంగా తెలుసు.

2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు కాంట్రిబ్యూటరీ పెన్షన్ వచ్చింది. జీతంలో కోసిన సొమ్ము మార్కెట్‌కు వెళ్ళింది. ఆ పద్ధతిని వ్యతిరేకించి ధర్నా చేయడం న్యాయమే. ధర్నా నుంచి ఇంటికి వచ్చాక తన ఖాతాలో ఎంత జమపడిందో, నామినీ పేరు సరిగా ఉందో లేదో చూసుకోవడమూ న్యాయమే. వ్యవస్థ మారేదాకా బియ్యం, మందులు, పిల్లల ఫీజులు ఆగవు.